మిద్దె మీది నిమ్మచెట్టు



పల్లెలలో పూరియిండ్లు విరివిగా ఉన్న కాలమున, తొలకరికి గోడవారగా నాటిన గుమ్మడిగింజ మొలకెత్తి, నాలుగాకులు వేసి, దడిని పట్టుకొని చూరునందుకొని, చూరు మీదుగా ఇంటికప్పు నెక్కి, సంక్రాంతి దగ్గరపడునాటికి ఆ తాటియాకుల మీద బూడిద పూసికొన్న కాయలతో నిండుగా పరచుకొని యుండెడి దృశ్యమును కన్నులార చూచినవారు ఇప్పుడు వినుచున్నవారిలో తప్పక ఉందురు. ఆనపపాదైనను అంతే, చిక్కుడుపాదైనను అంతే. కప్పు మనలను ఎండవానలనుండి కాచుటయే గాక, పాదు నెక్కించినచో కాయలను కూడ కాచునని ఆ ఇల్లాండ్రకు ఒకరు చెప్పవలసిన పని లేకపోయెను. కావున ఇంటి మీద తోట యనునది నగరములు పుట్టిన తరువాత పుట్టిన వేడుక కాదు.

రాయలసీమలో మట్టిమిద్దెలుండెడివి. దూలముల మీద దంతెలు పేర్చి, దంతెల మీద బోద గాని బండలు గాని పరచి, ఆపైన చౌడుమట్టి వేసి చదును చేసెడివారు. చౌడు నీటిని మ్రింగదు. తడియగానే దాని రేణువులు విడిపోయి, సందులన్నియు పూడుకొనిపోయి, మీది నీరు క్రిందికి దిగకుండ అడ్డుపడును. మిద్దె కురియకుండుటకు ఏ గుణము కావలెనో, పైరునకు ఆ గుణమే ప్రాణాంతకము. చౌడునేలలో పంట నిలువకపోవుటకు గల కారణములలో ఇది ముఖ్యమైనది. ఇంటి మీదికి పనికివచ్చు మన్ను వేరు, పొలమునకు పనికివచ్చు మన్ను వేరు అని మన పెద్దలు చేతితో పట్టి చూచి తెలిసికొన్నారు. ఈ సంగతిని మొదటనే ఎత్తుకొనుటకు కారణమున్నది. నేడు నగరములలో మేడల మీద మొక్కలు పెంచబూనినవారిలో పెక్కుమంది మొదట చేయు పొరపాటు, తమకు తెలియకుండగనే, కుండీలో చౌడుమిద్దెను కట్టుట. నేను చేసినదియు అదియే.

నేను పుట్టినది నెల్లూరు జిల్లాలో, గూడూరునకు దాపున ఉన్న ఒక పల్లెలో. అది నిమ్మతోటల సీమ. గూడూరు మండీలో రాసులు పోసిన నిమ్మకాయల వాసనయు, వాటిని నింపుకొని ఉత్తరాది నగరములకు సాగిపోవు లారీల రొదయు నా బాల్యముతో కలిసిపోయి యున్నవి. మాకు తోట యుండినది కాని, నాకు ప్రాణమైనది తోటలోని చెట్టు కాదు, పెరటిలో బావిగట్టు ప్రక్కనున్న ఒంటి నిమ్మచెట్టు. దానికి ఎవరును పనిగట్టుకొని నీరు పోయలేదు. గిన్నెలు కడిగిన నీరు కాలువకట్టి దాని మొదటికి పారెడిది. ఎరువు వేయలేదు, రాలిన ఆకులే దాని పాదులో మాగి మన్నైపోయెడివి. మా అవ్వ పొద్దున్నే రెండు కాయలు కోసుకొని రమ్మనెడిది, నేను ముండ్లు గీచుకొని తెచ్చెడివాడను. సంవత్సరము పొడుగునను అది ‘లేదు’ అనుట నేను ఎరుగను.

అటువంటి చెట్టును చూచి పెరిగినవానికి హైదరాబాదులో, అయిదంతస్తుల భవనమున మీది అంతస్తులో కాపురము పెట్టినప్పుడు, తలమీదనున్న విశాలమైన డాబాను చూడగనే మొదట కలిగిన కోరిక ఏమై యుండునో చెప్పనక్కరలేదు. ఒక నిమ్మమొక్కను కొని తెచ్చితిని. అందమైన కుండీ కొంటిని. డాబా మాయకుండ కుండీ అడుగున వెడల్పాటి పళ్లెము నుంచితిని. ఆ పరిసరములలో ఇల్లు కట్టుచున్నవారు త్రవ్విపోసిన జిగటమన్నును తెచ్చి నింపితిని. ఉదయమొక చెంబు, సాయంకాలమొక చెంబు తప్పక పోసితిని. నెలనాళ్లకు ఆకులు పసుపు తిరిగినవి. దాహమై యుండునని మరియొక చెంబు చేర్చితిని. నలువది దినములకు ఆకులన్నియు రాలి, కొమ్మలు మాత్రము మిగిలినవి. పెరికి చూచితిని గదా, వేళ్లు నల్లబడి, పట్టుకొన్నంతనే పై తోలు చేతికి ఊడివచ్చి లోపలి ఈనె దారమువలె మిగిలినది. మురుగు వాసన గుప్పుమన్నది. నీరులేక కాదు, నీటిలో మునిగి ఊపిరాడక ఆ మొక్క ప్రాణము విడిచినది.

వేరు కూడ శ్వాసించును. మంచి మన్ను మన్నుమాత్రమే కాదు. రేణువునకును రేణువునకును నడుమనున్న సందులలో కొంత నీరును, కొంత గాలియు ఉండవలెను. జిగటమన్నులో సందులు సన్నము. పళ్లెములో నిలిచిన నీరు ఆ సందులన్నిటిని అడుగునుండి నింపివేయగా, గాలికి చోటుండదు. జామవంటి మొండిచెట్టు కొంతకాలమైనను ఓర్చునేమో కాని, నిమ్మజాతి మాత్రము తడికాలితో నిలువనేరదు. వేరుకుళ్లు తెగులు సమయము చూచుకొని ప్రవేశించును.

ఈ దుఃఖము మనసులో పచ్చిగా నుండగనే ఒక పెండ్లికని గోదావరి జిల్లాకు పోవలసివచ్చి, రాజమహేంద్రవరమునకు సమీపముననున్న కడియమును, కడియపులంకను చూచితిని. రహదారికి ఇరువైపులను కంటికి ఆనినంతమేర నర్సరీలే. ఇంటివెనుక మడులు, కాలువగట్టున మడులు, మడులనిండ అంట్లు. ఒకచోట నీడపందిరి క్రింద ముసలి పనివాడొకడు జామకొమ్మకు గాలియంటు కట్టుచుండెను. వ్రేలెడు వెడల్పున బెరడును చుట్టును ఒలిచి, అచ్చట తడిపిన నాచును ముద్దగా పెట్టి, దానిపైన పలుచని ప్లాస్టిక్ కాగితమును చుట్టి, రెండు కొసలును పురికొసతో బిగించుచుండిన ఆ చేతులను చూచుచు నా నిమ్మమొక్క కథను చెప్పుకొంటిని. ఆయన పని ఆపలేదు. కట్టు పూర్తిచేసిన తరువాత నా చూపుడువ్రేలిని పట్టుకొని, ప్రక్కనున్న తొట్టిలో రెండవ కణుపుదాక గ్రుచ్చి, “ఏమన్నా తడి తగిలిందాండీ బాబుగారూ?” అని అడిగెను. తగిలినదంటిని. “తగిలితే ఇయ్యాల పొయ్యద్దండీ. తొట్టిలో సెట్టుకి భూదేవి లేదండీ, మీరే సూసుకోవాలండీ” అని మరియొక కొమ్మ నందుకొనెను.

ఆ మాటను నేను అప్పటినుండి తలచుకొనని దినము లేదు. నేలలో పుట్టిన చెట్టునకు మనము చేయునది మిక్కిలి స్వల్పము. నీరెక్కువైనచో దానిని లోనికి దింపుకొనుట, తక్కువైనచో లోతుననున్న చెమ్మను అందించుట, నడివేసవిలో వేరును చల్లగా దాచుట, రాలిన ఆకును పురుగులచేతను, సూక్ష్మజీవులచేతను మరల ఆహారముగా చేయించుట, గాలివానలో మొదలును గట్టిగా పట్టుకొనుట, ఒకచోట తిండి లేకున్న మరియొక చోటికి వేరు పోవుటకు దారి యిచ్చుట, ఇవన్నియు అడుగకుండగనే భూమి చేయుచుండును. మేడమీది తొట్టెలో ఈ పనులలో ఒక్కటియు తనంతట జరుగదు. తొట్టెను కొనిన దినముననే ఈ పనులన్నిటిని మనము ఒప్పుకొన్నట్లు.

మొదటి పని బరువు నెరుగుట. ఇది తోటపని కాదని మీరనవచ్చును. కాని భూమికి తన బరువును తాను మోయుట బరువు కాదు, మేడకు బరువే. తడిసిన మన్ను లీటరునకు ఒకటిన్నర కిలోకు పైగానే తూగును. రెండువందల లీటర్ల నీలిరంగు డ్రమ్మును నడిమికి కోసి రెండు తొట్లు చేయుట మన నగరములలో వాడుక. అట్టి సగము డ్రమ్ము నిండుగా మన్ను పోసి తడిపినచో నూటయేబది కిలోలు దాటును. మనుష్యులు తిరుగుటకు వీలుగా కట్టిన డాబా మీద చదరపు మీటరునకు సుమారు 150 కిలోల అదనపు బరువును లెక్కవేసి ఇంజనీర్లు రూపకల్పన చేయుదురు. అనగా ఒక్క తొట్టెయే ఆ లెక్కను తినివేయును. అందుచేత పెద్ద తొట్లను డాబా నడుమ వరుసలు తీర్చరాదు. స్తంభముల నెత్తిన, దూలముల వెంబడి, పిట్టగోడ ప్రక్కన ఉంచవలెను. డాబా అంతయు మడులుగా కట్టి అడుగు లోతున మన్ను నింపవలెననెడి ఉత్సాహవంతులు, చదరపు మీటరునకు అయిదువందల కిలోల దాక పోవుచున్నామని గుర్తించి, ఆ భవనమును ఎరిగిన ఇంజనీరును అడుగక పారను పట్టరాదు. ఈ విషయమున నేను ఎవరితోను రాజీపడను.

తొట్లను ఇటుకల మీద నెత్తిపెట్టుట రెండవ జాగ్రత్త. డాబా కట్టిన మేస్త్రీ వాననీరు తూము వైపు పోవుటకు వాటము పెట్టియుండును. తొట్టె నేలకు అంటియున్నచో ఆ వాటమునకు అడ్డుపడి, దాని క్రింద తేమ నిత్యము నిలిచి, క్రింది ఇంటివారి పైకప్పున మరక దేరును. మా అంతస్తులోనే ప్రక్కయింటి పెద్దాయన ఒకనాడు మెట్లెక్కి వచ్చి, “ఏమనుకోకు నాయనా, మా పడకగదిలో చెమ్మ దిగుతున్నది” అని మెల్లగా చెప్పినప్పుడు, ఆయన మర్యాదకు నేను తలవంచుకొంటిని. ఆ వారమే తొట్లన్నిటిని తీసి, డాబాకు నీరు దిగకుండ పూత వేయించి, ఒక్కొక్క తొట్టెను నాలుగేసి ఇటుకల మీద నిలిపితిని. పిట్టగోడ పగుళ్లలో పక్షులు వేసిన రావిగింజ మొలచినచో, అది పవిత్రవృక్షమని సంకోచింపక, రెండాకుల నాడే తీసి నేలలో నాటవలెను.

ఇక మన్ను. ఎర్రమన్ను ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపి, తొట్టెకు రెండు మూడు గుప్పిళ్ల వేపపిండి చేర్చినచో, చేతితో పిడికిలిబట్టినప్పుడు ముద్దయై, వ్రేలితో తాకగనే విడిపోవు మిశ్రమము సిద్ధమగును. ఆ విడిపోవుటలోనే గాలి యున్నది. కొబ్బరిపొట్టు తేలిక, నీటిని బాగుగా పట్టియుంచును. కాని అందు ఉప్పుండును గనుక రెండు మూడు నీళ్లు మార్చి కడిగి పిండి వాడవలెను. తొట్టె అడుగు రంధ్రముల మీద బోర్లించిన పెంకుముక్క నుంచుట మరువరాదు. ఏటేట ఎరువు చివికి మన్ను నాలుగు వ్రేళ్లు క్రుంగును. ఆ లోటును వంటింటి తొక్కులతో చేసిన ఎరువుతో నింపవచ్చును. ఒక వంతు తొక్కులకు రెండు వంతుల ఎండుటాకులు కలిపి, పుల్లమజ్జిగ చిలకరించి, అప్పుడప్పుడు తిరుగవేయుచున్నచో రెండు మూడు నెలలకు అడవిమన్ను వాసన వేయును. దుర్గంధము వచ్చినచో ఎండుటాకులు చాలలేదని అర్థము.

కూరగాయల విషయమును నేను విస్తరింపను. హైదరాబాదు శివారున నారపల్లిలో తన యింటి మీద పండించి, ‘మిద్దెతోట’ యను మాటను మన నోళ్లలో నానునట్లు చేసిన కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు దానిని గూర్చి చెప్పవలసినదంతయు చెప్పియున్నారు. వంగ, బెండ, గోంగూర నాలుగు నెలల అతిథులు. తప్పు జరిగినను మరల విత్తుకొనవచ్చును. పండ్లచెట్టు పదేండ్ల బంధువు. దానిని ఎన్నుకొనునప్పుడు బంధుత్వము కలుపుకొనునప్పటి విచారణ యుండవలెను.

తొట్టెకు అనువైనవానిలో జామకు అగ్రతాంబూలము నిచ్చెదను. లక్నో-49 అను రకము పుణె దగ్గరి గణేశ్‌ఖిండ్ తోటలో ఉద్యానశాస్త్రజ్ఞులు చీమాగారు 1927లో ఎన్నిక చేసినది. చెట్టు పొట్టి, కొమ్మలు అడ్డముగా పరచుకొనును, కాయ పెద్దది. జామ ఆ ఋతువున వచ్చిన క్రొత్త చిగురుమీదనే పూచును గనుక, కొసలను తుంచిన కొలది చిగురును, చిగిరించిన కొలది పూచును. కత్తెరకు భయపడని చెట్టు అది. వానకాలపు కాయలో పండుఈగ గ్రుడ్లు పెట్టును గనుక, కాయ నిమ్మకాయంత కాగానే గుడ్డసంచి తొడుగవలెను. దానిమ్మ తొట్టెలో సుఖముగా ఉండును, ఎండను ప్రేమించును. అంజూరము త్వరగా కాయును. సపోట ఆలస్యము చేసినను మాట తప్పదు. మామిడి మీద మనసు చంపుకొనలేనివారు ఆమ్రపాలిని పెట్టుకొనవచ్చును. దశేరిని, మన దక్షిణదేశపు నీలమును సంకరము చేసి ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థవారు విడుదల చేసిన ఈ పొట్టిరకము ఏటేట కాయును. అయినను మామిడికి తొట్టె చాలదనియే నా అభిప్రాయము. దాని తల్లివేరు పాతాళమును వెదకునది, దానిని నూరు లీటర్లలో కట్టివేయుట నా మనసునకు పట్టలేదు. పనస, నేరేడు, కొబ్బరి మాట తలపెట్టవలదు.

మొక్కను కొనునప్పుడు అది విత్తనపు మొక్కయో, అంటుమొక్కయో అడిగి తెలిసికొనుట అత్యవసరము. కొమ్మనుండి చెట్టును పుట్టించు విద్య మనకు ప్రాచీనము. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున పనస, అరటి, దానిమ్మ, ద్రాక్ష, మాదీఫలము మొదలగువానిని కాండమునకు ఆవుపేడ పూసి నాటవలసినవిగా చెప్పినాడు. అంటుజామ ఏడాది రెండేండ్లలో కాయును, తల్లికాయ వంటి కాయనే యిచ్చును; విత్తుజామ నాలుగేండ్లు నిరీక్షింపజేసి ఏ కాయ నిచ్చునో తెలియదు. ఈ నియమమునకు నిమ్మ ఒక వింతయైన మినహాయింపు. ఆ సంగతి చివర చెప్పెదను.

ఇప్పుడు రోహిణికార్తె సమీపించుచున్నది. రోళ్లు పగులు ఎండ. ఒక మే నెల మధ్యాహ్నమున పడమటి గోడ ప్రక్కనున్న నల్లని ప్లాస్టిక్ తొట్టె మీద అరచేయి పెట్టి చూచితిని. పది లెక్కించునంతలో తీయవలసివచ్చినది. ఆ గోడకు లోపలివైపున అంటుకొని లేతవేళ్లున్నవని తలచుకొన్నప్పుడు నా చేయికంటె మనసు ఎక్కువ కాలినది. ఆనాడే తొట్లన్నిటిని దగ్గరదగ్గరకు జరిపి ఒకదాని నీడ మరియొకదాని మీద పడునట్లు చేసి, అంచున నున్నవానికి గోనెపట్టాలు చుట్టి, మన్ను కనబడకుండ ఎండుటాకులు కప్పితిని. సూర్యోదయమునకు ముందు నీరు పోసి, పట్టాలను కూడ తడుపుదును. మిట్టమధ్యాహ్నము ఆకు వాలినచో కంగారుపడి పోయరాదు. సాయంకాలమునకు తానే లేచి నిలుచును. సాయంకాలము కూడ వాలియే యున్నచో అప్పుడది నిజమైన దాహము. మా బోరునీరు సున్నపునీరు. దానినే ఏండ్లతరబడి పోయగా ఆకుల ఈనెలు పచ్చగా మిగిలి నడిమిభాగము తెల్లబారును. ఇనుము మన్నులో ఉన్నను వేరునకు అందకపోవుట చేత వచ్చు పాండురోగమది. వానకాలమున నాలుగు గట్టివానలు తొట్లమీద పడి ఆ సున్నమును కడిగివేసినప్పుడు వచ్చు క్రొత్తచిగురు రంగు చూడవలసినదే గాని చెప్పనలవి కాదు.

కడియమునుండి తెచ్చిన రెండవ నిమ్మమొక్క బ్రదికినది. మూడవ యేట చిగురాకు మీద ఆవగింజకంటె చిన్నదైన పసుపుముత్యమొకటి కనబడినది. మూడు దినములకు దానినుండి వచ్చిన పురుగు అచ్చముగా పిట్టరెట్ట వలె నల్లగా, నడుమ తెల్లని మచ్చతో ఉండినది. నేనును మొదట అదే అనుకొని కడిగివేయబోయితిని. ఏ పిట్టయు రెట్టను తినదు గదా! ఆకులు తిని పెరిగి, నాలుగుసార్లు కుబుసము విడిచి, కడపట ఆకుపచ్చని పట్టుచీర కట్టినట్లు మారినది. పుల్లతో తాకితిని. తల వెనుకనుండి నారింజ ఎరుపురంగున రెండు కొమ్ములు సర్రున వెలికివచ్చి, ఘాటైన వాసనను చిమ్మి, లోనికి పోయినవి. నిమ్మాకును తిని, ఆ నిమ్మవాసనవంటి దానినే తన ఆయుధముగా చేసికొన్న ఆ జీవి నా యెదుట పెట్టిన బెదిరింపు నా కనిష్ఠికంత కూడ లేదు; అయినను నేను చేయి వెనుకకు తీసికొంటిని.

ఆ మొక్కకు ఉన్నవి నూరు ఆకులు, పురుగులు ఆరు. ఏమి చేయవలెను? మందు చల్లినచో ఒక గడియలో సమస్య తీరును, కాని అదే కాయను మనము అన్నములో పిండుకొందుము. కరివేప కూడ నిమ్మకుటుంబమునకు చెందినదే. మా డాబా మూలనున్న కరివేప ఆళ్ల ఎత్తు పెరిగి యున్నది. ఆకుతో సహా త్రుంచి పురుగులను అచ్చటికి చేర్చితిని. అవి సంకోచింపలేదు. రెండు వారములలో ఒక్కొక్కటి ఒక్కొక్క రెమ్మకు నడుముకు పట్టుదారము బిగించుకొని, ఒరిగి కూర్చున్న భంగిమలో గూడు కట్టుకొన్నవి. ఒకనాటి ఉదయమున గూడొకటి నిలువునా చీలి, నలుపు మీద మీగడరంగు మచ్చలుగల సీతాకోకచిలుక తడిరెక్కలతో వెలికివచ్చి, రెక్కలారునంతవరకు గంటసేపు కదలకుండ వ్రేలాడినది. నాటినుండి కరివేపలో ఒక కొమ్మను నేను వంటకు కోయను. పిండినల్లిని మాత్రము ఉపేక్షింపను. చీమలు మోసికొని వచ్చి కాపాడు దానిని సబ్బునీటి గుడ్డతో తుడిచి, వేపనూనె చల్లుదును.

మూడేండ్లకొకసారి చేయవలసిన పని యొకటి యున్నది. దానికి ధైర్యము కావలెను. నీరు పోసిన వెంటనే అడుగు రంధ్రమునుండి కారిపోవుచున్నను, చెట్టు గిడసబారి ఆకు చిన్నదగుచున్నను, తొట్టెలో మన్నుకంటె వేళ్లెక్కువైనవని గ్రహించవలెను. నా జామను మొదటిసారి ఇద్దరము పట్టి పెకలించినప్పుడు తొట్టె ఆకారమున అచ్చుపోసినట్లు వేళ్లముద్ద వెలికివచ్చినది. వేళ్లు దారి వెదకుచు గోడను తాకి, తిరిగి, మరల తాకి, మరల తిరిగి, పేనిన మోకువలె చుట్టలు చుట్టుకొన్నవి. అవి ఎన్ని దినములు తిరిగినవో, ఎంత దూరము నడిచినవో! నేలలో నయినచో అవి పొరుగువారి బావిదాక పోయి యుండెడివి. కత్తితో చుట్టును రెండంగుళముల మేర తరిగి, అడుగున గుండ్రని వేళ్లను విడదీసి కోసి, పైన కొమ్మలను కూడ ఆ పాళ్లకు తగ్గించి, క్రొత్తమన్ను నింపి రెండు వారములు నీడన నిలిపితిని. ఆ రెండు వారములు నాకు నిద్రపట్టలేదనుట అతిశయోక్తి కాదు. పదునారవనాడు కణుపున ఎర్రని మొగ్గ కనబడినది.

ఇంతవరకు భూమి చేయు పనులను మనము చేయుటను గూర్చియే చెప్పితిని. భూమికి సాధ్యము కాని పని యొకటి తొట్టెకు సాధ్యమగునని నాకు నేర్పినవాడు మా నాయన. నిమ్మకు బెట్ట పెట్టినగాని కోరిన కాలమున నిండుపూత రాదు. నీరు ఆపి, ఆకు కొంచెము ముడుచుకొనువరకు ఉంచి, పిమ్మట ఎరువువేసి నీరు పెట్టినచో రెండు మూడు వారములలో చెట్టు తెల్లనగును. పూత కాయ యగుటకు అయిదారు నెలలు. వేసవిలో నిమ్మకాయకు ధర పలుకును గనుక ఏప్రిల్, మే నెలలలో కాయ రావలెనన్న అక్టోబరు ప్రాంతమున పూత రావలెను. కాని అంతకు ముందు బెట్ట పెట్టవలసిన దినములలోనే వానలు కురిసి, రైతు ఆశను తడిపివేయును. ఆకాశమునకు మూతవేయగల రైతు లేడు. మా నాయన వచ్చి డాబామీద నిమ్మను చూచి, చుట్టు తిరిగి, అడుగక చెప్పక తొట్టె మన్నులో వ్రేలు గ్రుచ్చి, “రేపట్నుంచి నీళ్లు పొయ్యొద్దురా. వానొస్తే వసారాలోకి లాగు” అనెను. లాగితిని. తొట్టెలో మన్ను స్వల్పము గనుక ఎనిమిది దినములకే ఆకు ముడుచుకొనినది. ఆ యేడు మా యింట ఏప్రిల్ నెలలో నిమ్మకాయ కొనలేదు. పండ్రెండు కాయలను ప్రక్కయింటి పెద్దాయనకు పంపితిని.

ఆ రాకలోనే మా నాయన పంచె చెంగున ముడివేసికొని తెచ్చిన పొట్లము విప్పి నా చేతిలో పెట్టెను. ఊరిలో ఇల్లు అమ్మివేసితిమి. కొన్నవారు పెరడు చదును చేయుదురని తెలిసి, బావిగట్టు నిమ్మనుండి కడపటి కాయలను కోసి తీసిన గింజలవి. నిమ్మ మినహాయింపు అంటిని గదా. నిమ్మగింజలో ఒక్కొక్కప్పుడు ఒకటికి మించిన పిండములుండును. వానిలో పుప్పొడితో కలిసి పుట్టినది ఒకటి యుండవచ్చును. మిగిలినవి తండ్రి ప్రమేయము లేక, గింజలోని తల్లికణజాలమునుండియే పుట్టినవి. అట్టి మొలకలో తల్లికి భిన్నమైనదేదియు ఉండదు. అది ఆ చెట్టు పిల్ల కాదు, ఆ చెట్టే. మన నిమ్మరైతులు తరతరములుగా గింజనుండియే తోటలు పెంచి, తల్లికాయ వంటి కాయలనే పొందుచుండుటకు కారణమిది.

గింజలను ఆరనీయక ఆ సాయంకాలమే నాటితిని. ఇరువది దినములకు ఒక గింజనుండి రెండు మొలకలు, మరియొకదానినుండి మూడు వచ్చినవి. సన్నగా వెనుకబడిన వానిని తీసివేసి, దిట్టముగా లేచిన దానిని ఉంచితిని. ఇప్పుడది మూరెడెత్తున్నది, తొలిముండ్లు వచ్చినవి. తెల్లవారి నీరు పోయుచు ఒక ఆకును నలిపి చూచినప్పుడు వచ్చు వాసనను బావిగట్టు వాసనయని అనుకొనుటకు నాకు శాస్త్రము కూడ అనుమతి యిచ్చినది. ఈ ఎండలలో దానిని కదల్చను. మృగశిర ప్రవేశించి, రెండు వానలు పడి, డాబా చల్లబడిన తరువాత దానిని సగము డ్రమ్ములోనికి మార్చవలెను. స్తంభము నెత్తిన చోటు చూచి యుంచితిని. నాలుగు ఇటుకలు కూడ పేర్చితిని.